పండితులు వ్రాసిన పసిపిల్లల పుస్తకాలు

పిల్లల కోసం పుస్తకం వ్రాయడం సులభమైన పని అని లోకంలో ఒక అభిప్రాయం ప్రబలి ఉంది. కథ చిన్నది, మాటలు చిన్నవి, చదివేవాడు చిన్నవాడు. ఇందులో కష్టమేముంది అనుకొంటారు. నిజానికి శాస్త్రాలు చదివిన పండితునికి ఇంతకంటె కఠినమైన పరీక్ష మరొకటి ఉండదు. ఏళ్ల తరబడి కూడబెట్టుకొన్న పదసంపదలో అధికభాగాన్ని ఆయన పక్కన పెట్టాలి. సమాసాలను విప్పివేయాలి. అలంకారాలను గడప అవతలనే వదలి రావాలి. అన్నీ వదలిన తరువాత కూడ చెప్పవలసిన విషయం చెడకుండా మిగలాలి.

ద్వితీయ భాషగా నేర్చుకొనేవారి కోసం వ్రాసేటప్పుడు ఈ పరీక్ష మరింత తీవ్రమవుతుంది. ఎనిమిదేళ్ల బాలునికి తన మాతృభాషలో ఎనిమిదేళ్ల వయస్సు ఉంటుంది. ఈ మధ్యనే మొదలుపెట్టిన కొత్త భాషలో మాత్రం వాని వయస్సు ఎనిమిది రోజులే. వాని బుద్ధి కథను కోరుతుంది. వాని భాష ‘ఇది బల్ల, అది కుర్చీ’ దగ్గరనే ఆగి ఉంటుంది. ఈ రెండింటి మధ్యనున్న అగాధాన్ని పూడ్చలేని వాచకం ఎంత గొప్పవాడు వ్రాసినా పిల్లలకు భారమే. తెలుగును ద్వితీయ భాషగా చదువుతున్న మీలో కొందరికి ఈ అనుభవం నేను చెప్పకపోయినా తెలిసే ఉంటుంది. మన కళాశాలలలో అరబ్బీని ద్వితీయ భాషగా తీసుకొన్న మీ మిత్రులను అడిగినా ఇదే మాట చెపుతారు. ఆ అరబ్బీకి సంబంధించిన ఒక ముచ్చటను, లక్నో నగరంలోని ఒక మతవిద్యాలయంలో చదువుకొన్న పండితులు పిల్లల కోసం వ్రాసిన పుస్తకాల సంగతిని, ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఆ విద్యాలయం పేరు దారుల్ ఉలూమ్ నద్వతుల్ ఉలమా. ‘నద్వతుల్ ఉలమా’ అంటే పండిత పరిషత్తు అని అర్థం. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దంలో కాన్పూరులో సమావేశమైన కొందరు ముస్లిం పండితులు ఈ పరిషత్తును ఏర్పరచారు. వారిలో మౌలానా ముహమ్మద్ అలీ ముంగేరీ ప్రముఖులు. పాత మదరసాలలో శాస్త్రజ్ఞానం ఉన్నది గాని లోకజ్ఞానం కొరవడిందనీ, కొత్త ఆంగ్ల విద్యాలయాలలో లోకజ్ఞానం ఉన్నది గాని సంప్రదాయజ్ఞానం సన్నగిల్లిందనీ వారు భావించారు. ఈ రెండింటినీ కలిపే విద్య కావాలని 1898లో లక్నోలో విద్యాలయాన్ని ప్రారంభించారు. గోమతీ నది ఒడ్డున నేడు మనం చూసే భవనానికి 1908లో పునాదిరాయి పడింది. అక్కడ చదువు ముగించినవారు తమ పేరు చివర ‘నద్వీ’ అని చేర్చుకొంటారు. మన పండితులు ‘విద్వాన్’, ‘భాషాప్రవీణ’ అని వ్రాసుకొన్నట్లే ఇదీను. కాకపోతే ఇది బిరుదుగా కాక ఇంటిపేరుగా స్థిరపడిపోయింది.

ఈ విద్యాలయానికి మన హైదరాబాదుతో పాత సంబంధమే ఉంది. దాని పాఠ్యప్రణాళికను తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు ఉర్దూ సాహిత్యంలో సుప్రసిద్ధుడైన షిబ్లీ నుమానీ. ఆయన 1901 నుండి 1905 వరకు నిజాం ప్రభుత్వపు విద్యావిజ్ఞాన శాఖలో అధికారిగా హైదరాబాదులో పనిచేశారు. ఆ ఉద్యోగం వదలి లక్నో చేరి నద్వా విద్యావ్యవహారాలను తన చేతిలోకి తీసుకొన్నారు. అరబ్బీ కేవలం వల్లె వేయవలసిన శాస్త్రభాష కాదు, నోట పలుకవలసిన జీవద్భాష అన్నది ఆయన పట్టుదల.

ఆ పట్టుదలకు కారణం లేకపోలేదు. ఆనాటి మదరసాలలో అరబ్బీ చదువు వ్యాకరణంతో మొదలయ్యేది. ధాతువులు, వాటి రూపాలు, ప్రత్యయాలు, వాక్యసంబంధాలు అన్నీ పారశీక భాషలో వ్రాసిన చిన్న చిన్న వ్యాకరణ గ్రంథాల ద్వారా కంఠస్థం చేయించేవారు. ఆ మెట్లు ఎక్కిన విద్యార్థిని ఒక్కసారిగా ప్రాచీన కావ్యాల ముందు నిలిపేవారు. అల్-హరీరీ వ్రాసిన ‘మఖామాత్’ అందులో ముఖ్యమైనది. అది పదకొండు, పన్నెండవ శతాబ్దాల నాటి రచయిత కృతి; అంత్యప్రాసలతో, శ్లేషలతో, అప్రసిద్ధ పదాలతో నిండిన గద్యం. మన సాహిత్యంలో వసుచరిత్రను ఒకటవ తరగతి వాచకంగా పెడితే ఎట్లుంటుందో ఊహించుకోండి.

ఈ పద్ధతి మనకూ కొత్తది కాదు. నా బాల్యంలో సంస్కృతం అంటే శబ్దమంజరి. రామశబ్దం అన్ని విభక్తులలోను, అన్ని వచనాలలోను తడుముకోకుండా అప్పచెప్పేవాణ్ణి. ‘రాముడు ఇంటికి వెళ్లాడు’ అని సంస్కృతంలో చెప్పమంటే మాత్రం నోరు పెగిలేది కాదు. ఉర్దూ మాట్లాడే పిల్లవాని స్థితి కూడ సరిగ్గా ఇటువంటిదే. కితాబు, కలము, దునియా, వక్త్ వంటి వందలకొలది అరబ్బీ పదాలు వానికి పుట్టుకతోనే తెలుసు. మనకు పుస్తకం, నది, వనం, సూర్యుడు అన్న సంస్కృత పదాలు తెలిసినట్లే. పదాలు చేతిలో ఉన్నాయి, వాక్యం లేదు. ఇటుకలున్నవి గాని గోడ లేచే మార్గం లేదు.

నద్వా తొలి పట్టభద్రులలో ఒకరైన సయ్యద్ సులేమాన్ నద్వీ గురించి ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. 1907లో లక్నోలో జరిగిన స్నాతకోత్సవ సభలో, ముందుగా సిద్ధపడని విషయంపై అరబ్బీలో అప్పటికప్పుడు ప్రసంగించగలవా అని ఆ యువకుణ్ణి ఎవరో సవాలు చేశారు. ఆయన లేచి ధారాళంగా మాట్లాడారు. సభ నివ్వెరపోయింది. గురువైన షిబ్లీ ఆనందం పట్టలేక తన తలపాగాను తీసి శిష్యుని తలపై పెట్టారు. అవధానసభలను ఎరిగిన మనకు ఇటువంటి సన్నివేశంలోని ఉత్కంఠ సులభంగానే అర్థమవుతుంది. ఆ రోజున గెలిచింది ఒక యువకుడు మాత్రమే కాదు, ఒక బోధనా విధానం కూడ. అయితే ఒక ప్రతిభావంతుడు మాట్లాడగలగడం వేరు, సామాన్య విద్యార్థులందరూ మాట్లాడగలగడం వేరు. రెండవది జరగాలంటే పసివాని చేతిలో పెట్టదగిన పుస్తకం కావాలి.

సులేమాన్ నద్వీ ఆ దిశగా తొలి అడుగులు వేశారు. ‘దురూసుల్ అదబ్’ అనే అరబ్బీ వాచకాన్ని రెండు భాగాలుగా కూర్చారు. షిబ్లీ మొదలుపెట్టి అసంపూర్ణంగా వదలి వెళ్లిన ప్రవక్త ముహమ్మద్ జీవితచరిత్ర, పెద్ద పెద్ద సంపుటాల మహాగ్రంథం, దానిని కొనసాగించే భారం కూడ ఈయనపైనే పడింది. అంతటి బృహత్కార్యాన్ని భుజాన వేసుకొన్న మనిషి, అదే చరిత్రను పాఠశాల పిల్లల కోసమూ, పెద్దగా చదువుకోని వారి కోసమూ తేలిక ఉర్దూలో ‘రహ్మతె ఆలం’ అనే చిన్న పుస్తకంగా మళ్లీ వ్రాశారు. సంపుటాలలో ఆయన ఆధారాలను పరిశీలిస్తారు, వాదోపవాదాలు నడుపుతారు. చిన్న పుస్తకంలో అవేమీ కనిపించవు.

ఈ మార్గంలో మరింత దూరం నడిచినవారు సయ్యద్ అబుల్ హసన్ అలీ నద్వీ. ఆప్యాయంగా ఆయనను అందరూ అలీ మియా అని పిలిచేవారు. రాయ్‌బరేలీ సమీపంలోని ఒక పండిత కుటుంబంలో ఆయన జన్మించారు. తండ్రి అబ్దుల్ హయ్ హసనీ నద్వా కార్యనిర్వాహకులు, మహావిద్వాంసులు. భారతదేశంలో జీవించిన వేలాదిమంది ముస్లిం ప్రముఖుల చరిత్రలను ఆయన ‘నుజ్‌హతుల్ ఖవాతిర్’ అనే ఎనిమిది సంపుటాల అరబ్బీ గ్రంథంగా రచించారు. ఆ గ్రంథాన్ని అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ. ప్రాచీన అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి ప్రచురించడంలో పేరుపొందిన ఆ సంస్థ నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. తండ్రి వ్రాసినది పండితులు మాత్రమే తెరచి చూడగల గ్రంథం. కుమారుడు ఎక్కువమంది చేతులకు చేరినది పసిపిల్లల పుస్తకం ద్వారా. ఈ వైచిత్రిని తలచుకొన్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

అలీ మియా పసితనంలోనే, 1923లో, తండ్రి కాలం చేశారు. అన్నగారైన అబ్దుల్ అలీ ఆయనను పెంచి విద్యాబుద్ధులు చెప్పించారు. ఆ అన్నగారు మతశాస్త్రాలు చదివిన తరువాత లక్నో వైద్యకళాశాలలో ఆధునిక వైద్యం కూడ చదివి డాక్టరైనవారు. నద్వా కోరుకొన్న పాత కొత్తల కలయికకు నిలువెత్తు ఉదాహరణ. తమ్మునికి అరబ్బీ నేర్పడానికి ఆయన ఎన్నుకొన్న గురువు ఖలీల్ అరబ్. యెమెన్ దేశపు మూలాలు గల ఆయన అరబ్బీని ఇంటిభాషగా ఎరిగినవారు. తరువాత 1930ల తొలి సంవత్సరాలలో మొరాకో దేశీయుడైన తఖీయుద్దీన్ హిలాలీ నద్వాలో ఆచార్యులుగా ఉన్నారు. అరబ్బీని అరబ్బీలోనే బోధించాలనేది ఆయన నియమం. 1932లో నద్వా నుండి ‘అజ్-జియా’ అనే అరబ్బీ పత్రిక కూడ మొదలయింది. దానికి సంపాదకుడు మస్ఊద్ ఆలం నద్వీ అనే పట్టభద్రుడు. ఈ వాతావరణంలో పెరిగిన అలీ మియా 1934లో అక్కడే అధ్యాపకులుగా చేరారు. మొదట పై తరగతుల వారి కోసం ప్రాచీన, ఆధునిక అరబ్బీ గద్యం నుండి ఏరి ఒక సంకలనం తయారు చేశారు. ఆ తరువాత ఆయన దృష్టి కింది తరగతుల మీదికి దిగింది.

అందుకు ప్రేరణ ఇంటిలోనే ఉంది. అన్నగారి కుమారుడు ముహమ్మద్ అల్-హసనీ 1935లో పుట్టినవాడు. అప్పుడే అరబ్బీ నేర్చుకొంటున్నాడు. వానికి కథలంటే ప్రాణం. కనబడిన కథల పుస్తకాన్నల్లా చదివేవాడు. పినతండ్రి అది చూచి సంతోషించారు, కాని ఆ పుస్తకాలలో ఏముందో చూచి నొచ్చుకొన్నారు. పిల్లులు, కుక్కలు, సింహాలు, తోడేళ్లు, కోతులు, ఎలుగుబంట్లు - పుట నిండా జంతువులే. అరబ్బీ నేర్చుకొంటున్నది ఖురాను అర్థం చేసుకోవడానికి గదా, ఆ భాషలో మొట్టమొదట చదివేది జంతువుల ముచ్చట్లా అని ఆయన బాధ. అందుకని ఖురానులోని ప్రవక్తల కథలను ఆ బాలుని కోసం, ఆ వయస్సు పిల్లలందరి కోసం వ్రాయ సంకల్పించారు. 1940ల దశకంలో ఆరంభమైన ఆ పుస్తకమే ‘ఖససున్నబియ్యీన్ లిల్ అత్ఫాల్’, అనగా ‘పిల్లలకు ప్రవక్తల కథలు’. దాని పీఠికను ఆయన అన్న కుమారునికి వ్రాసిన లేఖ వలె కూర్చారు.

జంతుకథల విషయంలో ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆయన కాలానికి ఈజిప్టులో కామిల్ కీలానీ వంటి రచయితలు అరబ్బీలో బాలసాహిత్యానికి బాట వేస్తున్నారు. ఆ కృషి తక్కువది కాదు. అదీగాక అరబ్బీ సాహిత్యంలో జంతుకథలకు మూలపురుషుడు మన విష్ణుశర్మయే. పంచతంత్రం ఆరవ శతాబ్దిలో పహ్లవీ భాషలోనికి వెళ్లింది. అక్కడినుండి ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా దానిని అరబ్బీ చేశాడు. మన కరటక దమనకులే అక్కడ ‘కలీలా, దిమ్నా’ అయి, ఆ గ్రంథానికి పేరైనారు. చదువురాని ముగ్గురు రాజకుమారులను ఆరు మాసాలలో నీతికోవిదులను చేస్తానని విష్ణుశర్మ పలికిన ప్రతిజ్ఞ కూడ బాలబోధకు సంబంధించినదే. నక్క నోట, కాకి నోట చెప్పించినంత మాత్రాన మాట తేలిక అయిపోదు.

విశేషమేమంటే, జంతువులు వద్దని మొదలుపెట్టిన అలీ మియా పుస్తకంలోనికే అవి మెల్లగా వచ్చి చేరాయి. యూసుఫ్ కథలో తోడేలు ప్రసక్తి ఉంది. సాలిహ్ ప్రవక్త కథ ఒక ఆడ ఒంటె చుట్టూ తిరుగుతుంది. యూనుస్ కథ మహామత్స్యం లేకుండ సాగదు. పిల్లల కథలలోనికి జంతువులు రాకుండ ఆపడం పండితుల వల్ల అయ్యే పని కాదు.

ఇక ఆ పుస్తకంలోని నేర్పును చూద్దాం. మొదటి పుటలలో వాక్యాలు మూడు నాలుగు మాటలను మించవు. సర్వనామాలు అరుదు. ఒక వాక్యంలో ఊరు వచ్చిందంటే, తరువాతి వాక్యంలో ‘అది’ అనక ‘ఆ ఊరు’ అంటారు. ఊరిలో ఒక ఇల్లు ఉంటే, ఆపై వాక్యం ‘ఆ ఇంటిలో’ అని మొదలవుతుంది. చెప్పిన మాటను పట్టుకొని తరువాతి మాట నడుస్తుంది. మన లక్షణ గ్రంథాలలో దీనిని పోలిన శబ్దాలంకారాన్ని ముక్తపదగ్రస్తం అంటారు. విడిచిన పదాన్ని తిరిగి గ్రహించడం దాని లక్షణం. కవి చేతిలో అది చమత్కారం. ఇక్కడ అది బోధనోపాయం. ఒక కొత్త మాట పది పంక్తులలో ఐదుసార్లు ఎదురైతే నిఘంటువుతో పని ఉండదు. మన అమ్మమ్మలు చెప్పిన ఏడు చేపల కథను జ్ఞప్తికి తెచ్చుకోండి. చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్న గడ్డిమోపు దగ్గరకు, ఆవు దగ్గరకు, చివరకు చీమ దగ్గరకు పోతుంది. ప్రతి మెట్టులోను పాత వాక్యం కొంత నిలుస్తుంది, కొత్త మాట ఒకటి చేరుతుంది. భాష రాని శిశువుకు వాక్యనిర్మాణం నేర్పే ఆ రహస్యం మన పల్లెల ముసలమ్మలకు ఎప్పటినుండో తెలుసు. అరబ్బీ పండితుడు దానిని తన దారిలో తాను కనిపెట్టారు.

మొదటి భాగంలోనే వచ్చే యూసుఫ్ కథలో ఆయన చాతుర్యం బాగా తెలుస్తుంది. బైబిలులోని యోసేపు ఈయనే. యాకూబ్‌కు కుమారులందరిలో యూసుఫ్ అంటే మిక్కిలి ప్రీతి. అన్నలు అసూయతో వానిని అడవికి తీసుకొనిపోయి పాడుబావిలో పడవేస్తారు. వాని చొక్కాకు దొంగ నెత్తురు పూసి తెచ్చి, తమ్ముణ్ణి తోడేలు తిన్నదని తండ్రికి చెపుతారు. తండ్రి నమ్మడు. ఎందుకు నమ్మడు? పెద్దలకు వ్రాసే వ్యాఖ్యాత అయితే ఇక్కడ ప్రవక్తల దివ్యదృష్టిని గురించి నాలుగు పుటలు వ్రాస్తాడు. అలీ మియా పిల్లవాని కంటితో చూశారు. తోడేలు మనిషిని తింటే చొక్కా చిరగాలి. ఈ చొక్కా నెత్తుటితో తడిసింది గాని ఎక్కడా చిరగలేదు. ప్రాచీన వ్యాఖ్యానాలలో ఉన్న సూక్ష్మమే ఇది. దానిని ఏరి కథకు ఇరుసుగా నిలపడంలో రచయిత విజ్ఞత కనిపిస్తుంది. చదివే బాలుడు అన్నల అబద్ధాన్ని తండ్రితో పాటు తానే పట్టుకొంటాడు.

అదే కథలో మరొక చిక్కు ఉంది. ఈజిప్టులో తాను సేవ చేసే ప్రభువు భార్య యూసుఫ్‌ను మోహించడం, అతడు తిరస్కరించడం, ఆమె అతనిపై నింద మోపడం. పారశీక కవులు ఈ ఘట్టాన్ని ప్రణయకావ్యంగా పెంచారు. పిల్లల పుస్తకంలో దానిని ఏం చేయాలి? విడిచిపెడితే యూసుఫ్ చెరసాలకు ఎందుకు పోయాడో తెలియదు. చెపితే ఎంతవరకు చెప్పాలో తెలియదు. అలీ మియా దానిని నమ్మకానికి, నమ్మకద్రోహానికి సంబంధించిన విషయంగా మార్చారు. నన్ను ఆదరించిన యజమానికి ద్రోహం చేయను అన్నదే యూసుఫ్ సమాధానం. పసివానికి ప్రణయం తెలియదు గాని, నమ్మినవానిని మోసగించడం అంటే ఏమిటో బాగా తెలుసు. కథ దెబ్బతినలేదు, అబద్ధమూ చెప్పలేదు. వయస్సుకు తగినంత నిజం చెప్పారు. ఈ ఒక్క ఘట్టాన్ని చదివితే ఆయన ఎంత ఆలోచించి వ్రాశారో తెలుస్తుంది.

భాగాలు ముందుకు సాగిన కొద్దీ వాక్యాలు పొడవవుతాయి. ఖురాను వాక్యాలు మొదట ఒకటి అరగా, తరువాత విరివిగా కథనంలో కలసిపోతాయి. మూసా ప్రవక్త కథతో నిండిన మూడవ భాగానికి వచ్చేసరికి విద్యార్థి తనకు తెలియకుండానే ప్రౌఢగద్యం చదువుతుంటాడు. మెట్లు కట్టినట్లు తెలియకుండ కట్టిన మెట్లు అవి.

ఈ సందర్భంలో మన వాచకాల చరిత్రతో పోల్చి చూడడం అవసరం. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక కూడ విద్యార్థులకు భాష నేర్పడానికి ఉద్దేశించినదే. పంచతంత్రంలోని మిత్రలాభ, మిత్రభేదాలను ఆయన తెలుగు చేశారు. ఆ గద్యపు బిగువును, నడకలోని ఠీవిని నేను జీవితాంతం ఆరాధించినవాణ్ణి. కాని అది భాష వచ్చినవానికి మెరుగుపెట్టే పుస్తకం. భాష రానివానిని చేయిపట్టి నడిపించేది కాదు. సూరి విద్యార్థిని తన మెట్టుకు ఎక్కి రమ్మన్నారు. అలీ మియా తానే విద్యార్థి మెట్టుకు దిగి వచ్చారు. రెండూ విద్యాసేవలే. అయితే దిగడం ఎక్కడం కంటె కష్టమని, ముప్పై ఏళ్లుగా తరగతిగదిలో నిలబడిన నాకు క్రమంగా తెలిసివచ్చింది.

ఇవి మతవిద్యాలయం నుండి వెలువడిన పుస్తకాలు. అందుచేత ఒక ప్రశ్న తప్పదు. ఇవి సాహిత్యమా, మతబోధా? పుస్తకం మొదటి కథయే ఇబ్రాహీం ప్రవక్తది, బైబిలులోని అబ్రహాము. విగ్రహాలు అమ్మే తండ్రికి కుమారుడై పుట్టి, అవి పలుకవు, వినవు, వాటిని ఎందుకు పూజిస్తారని ప్రశ్నించిన బాలుని కథ అది. విగ్రహారాధన సంప్రదాయంలో పెరిగిన పాఠకునికి ఈ కథ కొంత ఇబ్బందిగా తోచవచ్చు. రచయిత తన విశ్వాసాన్ని దాచుకోలేదు. తన మతపు పిల్లలకు తన మతాన్ని గురించి చెప్పడానికే ఆయన వ్రాశారు. అయితే పోతన భాగవతం చదివినవానికి ఈ కథ పరాయిదిగా కనిపించదు. తండ్రి నమ్మినది కుమారుడు నమ్మలేదు. తండ్రి కోపించాడు. రాజ్యం కోపించింది. బాలుణ్ణి నిప్పులలో పడవేశారు. నిప్పు వానిని కాల్చలేదు. సప్తమ స్కంధంలో ప్రహ్లాదుని కథ ఇదే గదా! ఒకడు విగ్రహాలను నిరాకరించాడు, మరొకడు స్తంభంలోనే దైవాన్ని చూపాడు. సిద్ధాంతాలు ఎదురెదురు దిక్కులవి. తండ్రి ముందు జంకక నిలబడిన పసివాని గొంతు మాత్రం ఒక్కటే. పిల్లలు ఏ మతంవారైనా ఈ రెండు కథలను కళ్లు విప్పార్చుకొని వినడానికి కారణం సిద్ధాంతం కాదనీ, ఆ గొంతేననీ నా నమ్మకం.

ఆ కుటుంబంలోనే మరొక రచయిత్రిని తలచుకోకుండ ఉండలేము. అలీ మియా సోదరి అమతుల్లా తస్నీం ఉర్దూలో పిల్లల కోసం ప్రవక్తల కథలు వ్రాశారు. ఆ కాలపు స్త్రీలకు నద్వా వంటి విద్యాలయాల తలుపులు తెరచి లేవు. ఆమె చదువంతా ఇంటిలోనే సాగింది. కాబట్టి ఆమె పేరు చివర ‘నద్వీ’ అన్న మాట లేదు. పిల్లలకు అరబ్బీ రాకముందే ఆ కథలను ఇంటిభాషలో అందించినది ఆమె. నద్వీల పుస్తకాలను గూర్చి వ్రాసేవారు తరచు మరచిపోయే పేరు ఇది.

ప్రవక్తల కథలలో మొదటి మూడు భాగాలు ముందుగా వెలువడ్డాయి. ఆ తరువాత అలీ మియా దేశదేశాలు తిరిగారు, చరిత్ర గ్రంథాలు వ్రాశారు, నద్వా అధ్యక్షభారం మోశారు. చాలా సంవత్సరాల విరామం తరువాత గాని మిగిలిన భాగాలకు ఆయన కలం తిరిగి కదలలేదు. చివరి భాగం ప్రవక్త ముహమ్మద్ చరిత్ర. ఆ పుస్తకం భారతదేశంలోని మదరసాలలోనే గాక ఇతర దేశాలలోను అరబ్బీ వాచకంగా వ్యాపించింది. ఆంగ్లంలోనికి అనువాదమయింది. అరబ్బీ మాతృభాషగా గల పిల్లలు కూడ ఒక భారతీయుడు వ్రాసిన ఈ కథలను చదివారు. 1980లో ఆయనకు సౌదీ అరేబియావారి కింగ్ ఫైసల్ పురస్కారం లభించింది. 1999 డిసెంబరు 31న రాయ్‌బరేలీలో ఆయన కన్నుమూశారు.

ఎవరి కోసం ఈ పుస్తకం పుట్టిందో ఆ బాలుడు ఏమయ్యాడు? ముహమ్మద్ అల్-హసనీ అరబ్బీలో చేయితిరిగిన రచయితగా ఎదిగాడు. 1955లో, ఇరవై ఏళ్ల వయస్సులో, ‘అల్-బఅస్ అల్-ఇస్లామీ’ అనే అరబ్బీ మాసపత్రికను లక్నో నుండి ప్రారంభించాడు. అరబ్బు దేశాల పండితులు కూడ చదివిన పత్రిక అది. పాపం, దీర్ఘాయువు లేదు. 1979లో, పినతండ్రి కంటె ఇరవై ఏళ్లు ముందే మరణించాడు. పుస్తకం పీఠికను మాత్రం ఎవరూ మార్చలేదు. నేటికీ అది అన్న కుమారుణ్ణి పలకరిస్తూనే మొదలవుతుంది. ఏ ఊరిలోనో ఒక పిల్లవాడు దానిని తెరచి, ఆ పలకరింపు తనకేననుకొని, రెండవ పుట తిప్పుతాడు.